ఇర్రం మంజిల్ నేర్పు పాఠము

పట్టణమున దారి యడిగినవారికి మనవారు చెప్పు సమాధానము ఒక్కొక్కప్పుడు వింతగా నుండును. అమీరుపేటలో "సత్యం థియేటరు దగ్గర దిగవలయు"నందురు. ఆ సినిమాశాల కూలి, దానిచోట 2023వ సంవత్సరమున పెక్కు తెరలు గల కొత్తశాల వెలసినది. ఐనను జనుల నోట పాతపేరే నిలిచియున్నది. అచ్చటినుండి కొంతదూరము పోయిన మెట్రోరైలు ఇర్రం మంజిల్ అను స్టేషనులో నాగును. ప్రతిదినము అనేకులు ఆ పేరు విని దిగుదురు, ఆ పేరు చదివి యెక్కుదురు. ఆ మంజిలు ఎవరు కట్టించినది, ఏ గుట్టపై నున్నది, నేడు దానిగతి యేమి యని యడిగిన చెప్పగలవారు వారిలో ఎందరుందురో సందేహమే. కట్టడము పోయిన పిదప పేరు కొంతకాలము బ్రతుకును. ఆ పేరునకు అర్థము చెప్పగల వృద్ధులు పోయిన పిదప అదియు శబ్దమాత్రమై మిగులును. పట్టణములు తమ్ము తాము మఱచిపోవు క్రమమిది.

హైదరాబాదు జ్ఞాపకములనగనే చార్మినారును, గోలకొండను, చౌమహల్లాను పేర్కొనుట పరిపాటి. వానిని తలచువారును, చూడవచ్చువారును, కాపాడువారును కలరు. మేము నేడు పాఠకుల దృష్టికి తేదలచినది అట్టి ప్రఖ్యాతి లేని పంజగుట్ట, అమీరుపేట, బంజారా కొండల ప్రాంతమును. పాతబస్తీ నాలుగువందల యేండ్లలో పొందిన మార్పుకంటె ఎక్కువ మార్పు ఈ ప్రాంతము ఒక్క మనుష్యుని జీవితకాలములో పొందినది. ఇచ్చట పుట్టిపెరిగిన వృద్ధులు రాతిగుండ్లను, సీతాఫలపు పొదలను, ప్రొద్దుగ్రుంకిన పిదప మనుష్యసంచారము లేని కొండదారులను తలచుకొందురు. వారి మనుమలకు తెలిసినది అద్దాల మేడలును, వాహనముల బారులును మాత్రమే.

ఈ ప్రాంతపు పేళ్ళే ఒక చిన్న చరిత్ర. పంజా యను మాట ఉర్దూ, గుట్ట యను మాట తెలుగు. రెండును కలిసి ఊరిపేరైనవి. అమీరు పేర వెలసినది అమీరుపేట. బంజారాలనబడు లంబాడీలు తండాలు వేసికొని పశువులను మేపుకొన్న కొండలకు ఆంగ్లపదము తగిలించి బంజారా హిల్స్ అన్నారు. మూడు భాషలవారు ఒకరి మాట నొకరు త్రోసివేయక ప్రక్కప్రక్కన నిలుపుకొన్న కాలపు గురుతులివి. కాని ఆ కొండలకు పేరిచ్చిన లంబాడీల గుడిసెలు ఏ చోట నుండెనో చూపించు రాయియైనను నేడు లేదు. నవాబుల మేడలకు ఛాయాపటములైన మిగిలినవి; తండాలకు అదియును లేదు. నేలధర పెరిగినకొలది మొదట మాయమగునది పేదవాని గురుతే యని ఈ కొండలు మనకు చెప్పుచున్నవి.

ఇక ఇర్రం మంజిల్ విషయము. పంజగుట్టకు ఖైరతాబాదుకు నడుమనున్న ఎత్తుపై ఈ సౌధమును నవాబు ఫక్రుల్ ముల్క్ బహద్దరు కట్టించిరి. సుమారు 1870 ప్రాంతమున నిర్మాణము సాగినదని సాధారణముగ చెప్పుదురు. ఐరోపా బరోక్ పద్ధతి ననుసరించిన ఈ మేడలో నూటయేబదికి మించిన గదులు గలవు. ఒకప్పుడు దానిచుట్టును గుఱ్ఱపుసాలలును, పోలో, గోల్ఫు మైదానములును ఉండెడివి. ఫలకునుమా కట్టించిన సర్ వికారుల్ ఉమ్రాతో, ఎవరి మేడ యెత్తుగా నుండునో చూతమని పంతము పట్టి నవాబుగారు దీనిని లేపిరని జనశ్రుతి. పేరును గూర్చియు ఒక కథ కలదు. ఆ గుట్టను తెలుగువారు మట్టిరంగును బట్టి ఎర్రగుట్ట యనెడివారట. ఫారసీ కవుల పలుకుబడిలో ఇరమ్ అనగా స్వర్గతుల్యమైన ఉద్యానము. జనులు ఎర్ర యనినను, పండితులు ఇరమ్ అనినను ఒక్కటే వినబడునట్లు నవాబు ఆ పేరు పెట్టెనని పెద్దలు చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను, ఆ పేరులో తెలుగు మన్నును ఫారసీ తోటయు కలిసియున్నవని నమ్మి తరతరములవారు సంతోషించిరి. అదియు చరిత్రయే.

కాలక్రమమున ఆ సౌధము ప్రభుత్వము వశమైనది. గోదాముగను, దస్తరములు దాచు చోటుగను, పిదప రోడ్లు భవనముల శాఖవారికిని నీటిపారుదల శాఖవారికిని కచేరీగను ఉపయోగపడినది. నాట్యశాలలలో గుమాస్తాల బల్లలు వెలసినను, కప్పు క్రింద మనుష్యులుండిరి, మేడ నిలిచినది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేటనుండి ఎల్బీనగరువరకు మెట్రో నడువనారంభించి, ఆ మేడ పేర స్టేషను వెలసినది. ఏడాది తిరుగకముందే, 2019 జూను 18న రాష్ట్ర మంత్రివర్గము ఆ మేడను తొలగించి ఆ చోట శాసనసభకు కొత్తభవనము కట్ట నిశ్చయించెను. జూను 27న శంకుస్థాపనము జరిగెను. నవాబు వంశీయులును, చరిత్రాభిమానులును, పౌరులును న్యాయస్థానము నాశ్రయించిరి. ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్రసింగ్ చౌహానుగారును, న్యాయమూర్తి షమీం అఖ్తరుగారును గల ధర్మాసనము 2019 సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసినది. వారసత్వ కట్టడముల పట్టికలో నెక్కియున్న దానిని విధి ననుసరింపక కూల్చుటకు వీలులేదని చెప్పినది.

తీర్పు వెలువడిననాడు పట్టణము ఊపిరి పీల్చుకొనినది. ఆ సంతోషములో మఱచిపోయిన ప్రశ్న యొకటి కలదు. ఇర్రం మంజిల్‌ను కూల్చదలచినవారెవరు? పరదేశి దండెత్తి రాలేదు. లాభమునకాశపడిన బిల్డరు రాలేదు. దానికి యజమానియు, సంరక్షకుడును ఐన ప్రభుత్వమే గునపము పట్టుకొనినది. కంచెయే చేను మేయబోయినప్పుడు పొలముగలవాడు న్యాయస్థానమునకు పరుగెత్తవలసి వచ్చినది. ఇట్టి రక్షణము ఒకమారు దొరకును, రెండుమార్లు దొరకును. ప్రతిమారు దొరకునని నమ్మి కూర్చుండుట వివేకము కాదు.

ఇదియొక్క మేడ కథయైన ఇంతగా వ్రాయ నక్కఱలేకపోవును. అదే ఫక్రుల్ ముల్క్ ఎర్రగడ్డలో ఇర్రంనుమా యను మఱొక సౌధమును కట్టించిరి. అది క్షయరోగుల వైద్యశాలయై, మన ప్రాంతపు పేదకుటుంబములలో ఎందరికో తుది యాశగా నిలిచినది. 2015వ సంవత్సరమున ఆ వైద్యశాలను వికారాబాదునకు తరలించి ఆ స్థలమున సచివాలయము కట్టుదమని ప్రభుత్వము ప్రకటించెను. ప్రజలు గగ్గోలుపెట్టుటచే ఆ తలంపు ఆగెను. నాలుగేండ్లలో ఒకే నవాబు కట్టించిన రెండు మేడలమీద ప్రభుత్వపు కన్ను పడినదన్నమాట! మూడవదానికి ఆ యదృష్టమును లేకపోయెను. 1888వ సంవత్సరమున వెలసిన సైఫాబాదు సౌధము, సచివాలయ ప్రాంగణములో జి బ్లాకను పేరుతో నుండెడిది, 2020 జూలైలో తక్కిన కట్టడములతోపాటు నేలమట్టమైనది. ఆఱవ నిజాముకు దారిలో ఉడుము అడ్డము వచ్చుటచే ఆ మేడ అపశకునమని తాళము వేయించిరని ఒక ముచ్చట ప్రచారములో నున్నది. శకునమునకు వెఱచినట్లు చెప్పుకొను రాజు తాళము మాత్రము వేసెను. శాస్త్రవిజ్ఞానము నెఱిగిన ప్రజాప్రభుత్వము పునాదులనే పెకలించెను. ఏది మేలో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఇంతకు మూలమేమి? చట్టము లేకకాదు. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ 1981వ సంవత్సరపు నియమములలో పదుమూడవది వారసత్వ కట్టడముల రక్షణకై యేర్పడినది. దానిక్రింద మేడలనేకాక, ఈ పీఠభూమికే ప్రత్యేకమైన రాతిగుండ్లను గూడ పట్టికలో చేర్చిరి. మనదేశమున రాళ్ళను సైతము వారసత్వముగ నెంచిన పట్టణము మనదని గర్వింప వీలుండెను. ఆ నియమమును 2015 డిసెంబరులో ప్రభుత్వము తొలగించెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టమును చేసిరి. చట్టము మంచిదే, కాని చట్టమనగా కాగితము కాదు. ఏ కట్టడము దానిక్రింద రక్షితమో పేరుపేరున ప్రకటించి, దానికొక పాలకుని నియమించి, మరమ్మతునకు ధనము కేటాయించినప్పుడే అది చట్టమనిపించుకొనును. పేరు పట్టికకెక్కని మేడకు చట్టము చేయు మేలు, తలుపులేని యింటికి తాళపుచెవి చేయు మేలువంటిది.

మామాటకు రెండు ఆక్షేపణలు వచ్చునని యెఱుగుదుము. ఈ మేడలు నవాబులవి, జాగీర్దారులవి. రైతుల నెత్తురు పిండి కట్టించినవి. వానిని కాపాడుట బానిసత్వపు గురుతులను పూజించుట కాదా యని కొందఱందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. జాగీర్ల క్రింద మన తెలుగురైతు వెట్టిచాకిరీతో నలిగిన సంగతి ఈ పత్రిక చదువు గృహస్థులకు మేము చెప్పవలసినది కాదు. వారి తాతముత్తాతలే దానికి సాక్షులు. ఐనను ఆ సత్యమునుండి తేలు ధర్మమేమి? రైతు కష్టార్జితముతో లేచిన గోడ రైతు సొమ్మే. నవాబు పోయెను, జాగీరు పోయెను. సొమ్ము ప్రజల చేతికి వచ్చెను. చేతికి వచ్చిన సొమ్మును పగులగొట్టుకొనుట ప్రతీకారము కాదు, నష్టము. అంతేకాదు. ఆ మేడ నిలిచినంతకాలమే దానిని ఎవరి కష్టముతో కట్టిరను ప్రశ్న బ్రతికియుండును. మేడను కూల్చినవారు నవాబు వైభవమును మాత్రమే కాక, రైతు కష్టమునకు మిగిలిన సాక్ష్యమును గూడ కూల్చుచున్నారు.

రెండవ ఆక్షేపణము: పట్టణము పెరుగవలదా? పెరుగవలసినదే. లక్షలకొలది జనులు బ్రదుకుతెరువునకై వచ్చుచుండగా పాతగోడలను కౌగిలించుకొని కూర్చుండుడని మేమనము. అమీరుపేట సందులలో కంప్యూటరు విద్య నేర్చి మన పల్లెల బిడ్డలు దేశాంతరములకేగి కుటుంబముల నిలుపుచున్నారు. ఆ యభ్యుదయమును చూచి మేమానందింతుము. ఐతే కూల్చుటయే పెరుగుట కాదు. దీనికి నిదర్శనము వెదకికొనుటకు దూరము పోనక్కఱలేదు. బేగంపేటలోని పైగా ప్యాలెసు నగరాభివృద్ధి సంస్థకు కచేరీగ నుండి, 2008 మొదలు 2023 వరకు అమెరికా రాయబార కచేరీగ పనిచేసినది. గోడ కూల్చకుండనే కొత్తపని సాగినది. ఉస్మానియా వైద్యశాలయు మంచి సాక్ష్యమే. విన్సెంట్ ఎష్ రూపించిన ఆ భవనమును కూల్చుదమని 2015లో తలపెట్టిరి. తుదకు 2025 జనవరి 31న గోషామహలులో వేఱుచోట కొత్త వైద్యశాలకు శంకుస్థాపనము చేసిరి. దారి వెదకిన దారి దొరకునని ప్రభుత్వమే నిరూపించినది.

బంజారా కొండలపై మొదట ఇల్లు కట్టుకొన్నవారిలో నవాబు మెహదీ నవాజ్ జంగు ముఖ్యులు. 1952వ సంవత్సరపు బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున సభ్యులై, 1960లో గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరైన పెద్దమనిషి. ఆయన రాళ్ళను పేల్చి నేల చదును చేయలేదు. రాళ్ళను గోడలుగ నుంచి, వాని నడుమ ఇంటిని ఇముడ్చుకొనెను. 1933లో విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు హైదరాబాదునకు వచ్చినప్పుడు ఈ కొండలపై ఆయన యాతిథ్యమున నుండి, ఈ కొండలను గూర్చి కవితయు వ్రాసిరి. ఆ దారిని తరువాతివారు పట్టియుండినచో బంజారా హిల్స్ లోకమున కొక చూడదగిన పట్టణభాగమై యుండెడిది. కాని కోట్ల యేండ్లనాటి శిలలు ఒక్కొక్కటిగా ఇండ్లస్థలములకొఱకు ప్రేలిపోయినవి. 1930లో వెలసిన హమీద్ ఖాన్ కుంట, నేటి బంజారా చెరువు, మేడల నడుమ మురుగుతో కుంచించుకొనిపోయినది. 1996లో కొందఱు పౌరులు శిలల రక్షణకై సంఘముగ నేర్పడవలసి వచ్చెను. రాతికి సైతము వకాలతు పుచ్చుకొనవలసిన దుర్గతి యిది.

సర్కారు ఆస్తి సంగతి యిట్లుండగా, సొంత ఇండ్ల సంగతి వేఱు. దీనిని మేము ఇంటియజమానుల పక్షమున నిలిచియే చెప్పదలచితిమి. తాత కట్టించిన బంగళాకు నేడు పదిమంది వారసులు, పంపకము తెగదు, కప్పు మరమ్మతునకు అయ్యెడి వ్యయము అద్దెవలన రాదు, ప్రక్కనున్న స్థలము అపార్టుమెంటై కోట్లు పలుకుచున్నది. అట్టివానిని పట్టికకెక్కించి, "నీవు దీనిని ముట్టరా"దని శాసించి, పైసయైన సాయము చేయకుండుట అన్యాయము. అట్టి శాసనమునకు ఫలము, వానకాలమున కప్పు దానంతటదియే కూలువరకు యజమాని ఎదురుచూచుట. కావున రక్షణభారము పట్టణమంతయు పంచుకొనవలయును. ఇంటిపన్ను తగ్గింపవలయును, మరమ్మతునకు సాయమీయవలయును, తన స్థలమున కట్టుకొనలేని అంతస్తుల హక్కును వేఱొకచోట అమ్ముకొను వీలు బొంబాయిలోవలె ఇచ్చటను నిక్కముగ దొరకునట్లు చేయవలయును. గృహస్థునకు నష్టము లేకుండిన అతడే తాతగారి ఇంటికి మొదటి కావలివాడగును.

ఐనను అన్నిటిని నిలుపుట మానవసాధ్యము కాదు. కూలవలసినవి కూలును. కూలక తప్పనిదానికిని మనము చేయవలసిన ఋణమొకటి కలదు. అది వ్రాసి యుంచుట. 1893లో లండను నగరపు తూర్పుభాగమున బ్రామ్లీలో నొక పురాతన సౌధమును అచ్చటి పాఠశాలల బోర్డువారు కూల్చివేసిరి. అచ్చటను కూల్చినది ప్రజాసంస్థయే యని పాఠకులు గమనింతురు గాక. ఆష్బీ యను శిల్పి దానికి నొచ్చుకొని ఊరకుండక, మఱుసటియేడు కొందఱు మిత్రులను చేర్చుకొని లండనులోని పాతకట్టడములనెల్ల పేటపేటగా కొలిచి, చిత్రించి, చరిత్ర వ్రాయు పనికి పూనుకొనెను. 1900లో బ్రామ్లీ సంపుటము వెలువడెను. ఆ పని ఇతరుల చేతులలో నూఱేండ్లకు పైగా సాగినది. తెల్లవాని దుస్తులను, ఆటలను అనుకరించుటలో వెనుదీయని మనము ఈ గుణమును మాత్రమేల విడిచితిమి? పరాయివాని మాట యక్కఱలేదన్నచో మన యింటనే నిదర్శనము కలదు. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ యేర్పడి, గులాం యజ్దానీగారి యధ్వర్యమున పనిచేసి, 1920 ప్రాంతమున ఇటలీనుండి నిపుణులను రప్పించి అజంతా చిత్రములకు చికిత్స చేయించినది. రాజులకాలమున దొరికిన శ్రద్ధ ప్రజలకాలమున దొరకకుండుట మన స్వరాజ్యమునకు శోభ కాదు.

కావున మేము కోరునది స్పష్టము. మొదటిది: 2017వ సంవత్సరపు చట్టము క్రింద రక్షింపవలసిన కట్టడములను, శిలలను పేరుపేరున తెలుగు, ఉర్దూ పత్రికలలో ప్రకటింపవలయును, ఏ ప్రభుత్వశాఖయు ఆ పట్టికలోనిదానిని తన నిర్ణయముతోనే తీసివేయు వీలు లేకుండ చేయవలయును. రెండవది: ఇర్రం మంజిల్ తీర్పుతో నిలిచినది, తీర్పు కప్పునకు సున్నము వేయదు. వాడుకలేని మేడను కూల్చుటకు ఆజ్ఞ యక్కఱలేదు, నాలుగు వానకాలములు చాలును. దానిని బాగుచేసి, ప్రజలకు ప్రవేశము గల్గించి, ఈ పట్టణభాగపు చరిత్రశాలగ మార్చిన, మెట్రో స్టేషను పేరునకు మరల నర్థము గల్గును. అందొక గదిని లంబాడీల తండాలకు వదలవలయునని మా ప్రార్థన. మూడవది: ఏ పాతకట్టడమునకైనను కూల్చుటకు అనుమతి యిచ్చుటకుముందు దాని కొలతలును, ఛాయాపటములును తీయించి నగరపాలకసంస్థ భద్రపఱుపవలయును. దీనికయ్యెడి వ్యయము కొత్తమేడ గుమ్మము ఖరీదును మించదు.

ప్రభుత్వముపై భారముంచి చేతులు దులుపుకొనుట మా మతము కాదు. పాఠక మహాశయులలో ఇండ్లుగలవారు, స్థలములుగలవారు అనేకులున్నారు. ఇల్లు బిల్డరు చేతికిచ్చుటకుముందు వారు ఒక్కదినము దానికొఱకు వెచ్చింతురు గాక. వాకిలిని, మెట్లను, దూలములను ఫోటో తీయింతురు గాక. పాత దస్తావేజులను తూకమునకు వేయక దాచుదురు గాక. ముఖ్యముగ, ఇంట ఎనుబదియేండ్ల అవ్వయో తాతయో యున్నచో వారి దగ్గఱ కూర్చుండి, "ఈ వీథిలో మొదట నేముండెను? గుట్టపై ఎవరుండిరి? చెరువు ఎంతవరకు నిండెడిది?" అని యడిగి వ్రాసికొందురు గాక. ఇందుకు చట్టమక్కఱలేదు, ధనమక్కఱలేదు. ఆలస్యమునకు మాత్రము తావులేదు. గోడను న్యాయస్థానము ఆపగలదు గాని, ముసలివారి యాయువు నాపగల న్యాయస్థానము లేదు.